లోడు మీద చూపించు

ఆ చలికాలం నేను రోజూ పొద్దు వాలేసరికి మా టెంపోలో సామానంతా దించేసేదాన్ని. జాకీ, స్పానర్ల పెట్టె, తాళ్లు, టార్పాలిన్, వెనకాల పరిచే చెక్కలు. ఆఖరికి సీటు కిందుండే నీళ్ల డబ్బా కూడా. మా ఆయన సూరిబాబు స్టెప్నీ విప్పి గోడకి ఆనించేవాడు. బండి గుల్లగా నిలబడితే గాని నాకు ముద్ద దిగేది కాదు.

రాయపూర్ పక్కన ఉర్లాలో మా ఇళ్ల లైనంతా నవ్వారు. పక్కింటి బంగారమ్మ వదిన అయితే, "ఏటే సుభద్రా, బండికి దిష్టి తీస్తన్నావా, పురుడు పోస్తన్నావా?" అని గుమ్మంలోంచే కేకేసింది.

నవ్వుకోనీ అనుకున్నాను. ఎనభై ఎనిమిది చలికాలం అది. మా నూకరాజుకి పధ్నాలుగు నెలలు.

నూకరాజు మా మావగారి పేరు. ఆయన పోయాక పుట్టాడని పెట్టుకున్నాం. మా అత్త పైడమ్మ మొగుడి పేరు నోటితో పలకదు. అందుకని మనవణ్ణి కూడా "ఆయన" అనేది. "ఆయన పాలు తాగలేదే", "ఆయన ఉచ్చ పోశాడే" అంటుంటే కొత్తగా విన్నవాళ్లు బిత్తరపోయేవారు. చలి మొదలైన రోజుల్లో ఆవిడే ముందు కనిపెట్టింది.

"ఏటే పిల్లా, ఆయనకి ఆయాసమొస్తంది, సూడు."

తెల్లవారుజామున పిల్లాడి గొంతులో సన్నగా కూత. పిల్లికూన ఎక్కడో ఇరుక్కుని అరిచినట్టు. కాసేపటికి డొక్కలు ఎగరేయడం మొదలెట్టాడు. పక్కటెముకల కింద చర్మం లోపలికి పోవడం, రావడం. ఉర్లాలో ఆ వేళకి ఆటో లేదు, రిక్షా లేదు. రాయపూర్ పెద్దాసుపత్రికి వెళ్లాలంటే ఉన్నది మా టెంపో ఒక్కటే.

మా ఆయన వెళ్లి సెల్ఫు కొట్టాడు. "క్ర్... క్ర్..." అని రెండు మూలుగులు మూలిగి ఊరుకుంది. మళ్లీ కొట్టాడు. ఈసారి మూలుగు కూడా లేదు. అప్పుడే షిఫ్టు దిగి వస్తున్న రోలింగు మిల్లు వాళ్లు నలుగురు చూసి, సైకిళ్లు అక్కడే పడేసి తోశారు. బండి లేచింది. నేను పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టుకుని ఎక్కాను.

ఆసుపత్రి ముందర ఆయన ఇంజను ఆపలేదు. ఆపితే మళ్లీ లేవదు కదా. అక్కడ తోసేవాళ్లెవరు? "నువ్వెల్లు, నాను బండి కాడ ఉంటాను" అన్నాడు. యాక్సిలేటరు మీద కాలు తియ్యలేదు. నేనొక్కదాన్నే పరిగెత్తాను.

లోపల డాక్టరు పిల్లాడి గుండె మీద గొట్టం పెట్టి, నావైపు చూడకుండానే అడిగాడు. "సాఁస్ కబ్ సే ఫూల్ రహీ హై?"

నేను ఎనిమిదో తరగతి సగంలో చదువు ఆపేసినదాన్ని. రాయపూర్ వచ్చి రెండేళ్లు. సాస్ అంటే అత్తగారు. ఫూల్ అంటే పువ్వు. ఆ రెండూ కూరగాయల బజార్లోనే నేర్చుకున్నాను. పిల్లాడు అలా అల్లాడుతుంటే ఈయన మా అత్త సంగతి ఎందుకడుగుతున్నాడో నాకు అర్థం కాలేదు. అయినా డాక్టరు కదా అని చెప్పాను.

"సాస్ ఘర్ మే హై, డాక్టర్ సాబ్."

అత్త ఇంట్లో ఉందని. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నవ్వలేదు. "అరే, బచ్చే కీ సాఁస్!" అని తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చి చూపించాడు. ఊపిరిని కూడా సాఁస్ అంటారని, ఎగశ్వాసని ఫూల్నా అంటారని, అదెప్పట్నించీ అని అడుగుతున్నాడని అలా తెలిసింది నాకు. పక్కన మా ఆయన ఉంటే ఒక్క ముక్కలో చెప్పేసేవాడు. ఆయన బయట ఇంజను కాపలా కాస్తున్నాడు.

సూదిమందు వేశాక పిల్లాడు తెరిపిన పడ్డాడు. వెళ్లేటప్పుడు డాక్టరు నాకర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు. మళ్లీ ఇలా వస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యొద్దని. ఏక్ మినట్ భీ నహీ అని ఒక వేలు ఎత్తి చూపించాడు. ఆ వేలు, ఆ మాట నాకు అన్నం తింటున్నా కళ్ల ముందే ఉండేవి.

మా అత్తకి సాస్ సంగతి చెబితే పడీ పడీ నవ్వింది. "నాను ఇంట్లో ఉన్నానని డాక్టరుక్కూడా సెప్పొచ్చావా? ఇంకేటి, మందులు నాకు రాయలేదా?" అంది. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా అదే కథ.

ఆ వారంలోనే మా ఆయన టాటీబంధ్ దగ్గర బ్యాటరీల కొట్లో బండి బ్యాటరీ చూపించుకుని వచ్చాడు.

"ఏమన్నాడు మావా?"

"ఏటంటాడు? మీటరు పెట్టాడు. పన్నెండున్నర ఓల్టులు చూపించింది. నిండుగా ఉందన్నాడు. ఒక్క మాట మాత్తరం అన్నాడు. 'లోడ్ పే బైఠ్ జాతీ హై' అని."

"అంటే?"

"లోడు మీద కూలబడిపోద్దంట. పాతది కదా పాపం. మనం లోడు తగ్గించుకుంటే సరి."

ఉర్లాలో లోడంటే ఒకటే అర్థం. ఇనప చువ్వలు, రేకులు, తిల్దాలో బియ్యం మిల్లులకి వెళ్లే మిషను సామాను. చిన్నపిల్లలు కూడా "మీ నాన్న లోడుకెళ్లాడా?" అనే అడుగుతారు, డ్యూటీకెళ్లాడా అని అడగరు. అంతకుముందు మా ఆయన సాయంత్రమే చువ్వలు ఎక్కించుకుని ఇంటి ముందు పెట్టుకునేవాడు, పొద్దున్నే బయల్దేరొచ్చని. ఆ రోజు నించీ మానేశాడు. ఖాళీ బండే ఇంటికి తెచ్చేవాడు.

నాకది చాల్లేదు. చువ్వలు బరువైతే జాకీ బరువు కాదా? తడిసిన టార్పాలిన్ బరువు కాదా? ఒక్కొక్కటీ దించడం మొదలెట్టాను.

మా అత్త గడప మీద కూర్చుని చూసేది. "రేపు సక్రాలు కూడా ఇప్పేసి ఆయన పక్కలో పడుకోబెట్టు."

సంక్రాంతి ముందు నాలుగు రోజులు మబ్బు పట్టి, చలి తగ్గింది. ఆ నాలుగు పొద్దులూ టెంపో ముక్కుతూ మూలుగుతూనే అయినా లేచింది. "సూశావా?" అన్నాడు మా ఆయన. లోడు దించినందువల్లే అనుకున్నాం ఇద్దరం. నాకు అనుమానం వచ్చినప్పుడల్లా ఆయన హారను కొట్టి చూపించేవాడు. "ఊరంతా వినబడతంది గదే. బ్యాటరీలో దమ్ము లేకపోతే ఇలాగ అరుస్తాదేటి?" లైట్లు వేసేవాడు. గోడ మీద తెల్లగా రెండు వెలుగులు పడేవి. నిజమే కదా అనుకునేదాన్ని. అనుకున్నా, పొద్దున్నే ఆ మొదటి సెల్ఫు చప్పుడు వినేదాకా దుప్పట్లో పిల్లాడి డొక్క మీద చెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని.

మబ్బు పోయింది. మంచు దిగింది. ఆ మర్నాడే మళ్లీ కూత మొదలైంది.

ఈసారి నేను ఆలస్యం చెయ్యలేదు. కూత వినగానే ఆయన్ని లేపాను. బండి ఖాళీ. జాకీ లేదు, స్టెప్నీ లేదు, చెక్కలు లేవు. ఆయన లైట్లు వేశాడు, వెలిగాయి. కంగారులో చెయ్యి తగిలి హారను మోగింది, లైన్లో కుక్కలన్నీ లేచాయి. సెల్ఫు కొట్టాడు.

టక్.

అంతే. మళ్లీ కొట్టాడు. టక్.

పిల్లాణ్ణి అత్త చేతిలో పెట్టి వెనక్కి పరిగెత్తి బండిలో వెతికాను. ఏం మర్చిపోయాను, ఏం మర్చిపోయాను అని. మూల ఒక ఇటుక ముక్క కనబడింది, చక్రం కింద అడ్డం పెట్టేది. దాన్ని తీసి బయటికి విసిరేశాను.

"ఇప్పుడు కొట్టు మావా."

టక్.

బంగారమ్మ వదిన జుట్టు ముడేసుకుంటూ వచ్చి, ఏమీ అడక్కుండా చీర చెంగు దోపుకుని వెనకాల చేతులు వేసింది. ఇంకో ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. మా అత్త కూడా ఒక చేత్తో పిల్లాణ్ణి పట్టుకుని ఇంకో చేత్తో తోసింది. మట్టి రోడ్డు, ఎగుడు. రెండుసార్లు వెనక్కి జారింది. మూడోసారి లేచింది.

ఆసుపత్రి దగ్గర మళ్లీ అదే. ఇంజను ఆడుతూనే ఉంది, ఆయన బండిలో, నేను లోపల. ఈసారి సాఁస్ అంటే ఏమిటో తెలుసు. చెప్పాను. కానీ పిల్లాడి పెదాలు నీలంగా ఉన్నాయి. ముక్కుకి గొట్టం పెట్టి రెండు రోజులు ఉంచేశారు. "ఇంకాస్త ముందు తేవాల్సింది" అన్నాడు డాక్టరు. నేను ముందే లేపాను. బండి ఖాళీ చేశాను. ఇంకేం చెయ్యాలో ఎవరైనా చెబితే బావుణ్ణనిపించింది.

చెప్పే మనిషి మర్నాడు జావ గిన్నె పట్టుకుని ఆసుపత్రికే వచ్చాడు. అచ్చయ్య మావయ్య. మా ఆయనకి వరసకి చిన్నాన్న. రైలు పెట్టెల్లో లైట్లు వెలిగించే బ్యాటరీలు చూస్తూ చూస్తూ రైల్వేలో రిటైరయ్యాడు. పిల్లాడి పక్కన కూర్చుని ఎలా జరిగిందని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాను. జాకీ, తాళ్లు, నీళ్ల డబ్బా.

"ఇటిక ముక్క కూడా తీసేశాను మావయ్యా. లోడన్నది లేదు. అయినా లేవలేదు."

ఆయన నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఏ లోడమ్మా?"

"లోడ్ పే బైఠ్ జాతీ హై అన్నాడంట కదా కొట్టతను."

"అది బండి మీద లోడు కాదు తల్లీ. బ్యాటరీ మీద లోడు. సెల్ఫు తిప్పడవే దానికి లోడు. నువ్వు చువ్వలు ఎక్కించు, దించు, బ్యాటరీకి అదేం తెలవదు."

నాకు వెంటనే ఎక్కలేదు. ఆయన వార్డు మూల ఉన్న కుళాయి వైపు చూపించాడు. "లైటు సెంబుతో తాగుద్ది. హారను గ్లాసుతో. సెల్ఫేమో బిందెడు ఒక్కసారి గుమ్మరించమంటాది. అందులోనూ డీజిలింజను, సలికి నూనె సిక్కబడి బిగుసుకుని ఉంటాది. మీటరు పన్నెండున్నర చూపిస్తే ఏటి? అప్పుడు దాన్ని ఎవుడూ ఏమీ అడగలేదు గదా."

అప్పుడు మా లైను కుళాయిలు గుర్తొచ్చాయి నాకు. పొద్దున్నే నేనొక్కదాన్నే విప్పితే ధార బిందె అడుగున ధనధన పడుతుంది. బంగారమ్మ వదిన, ఆ పక్కావిడ, ఆ చివరావిడ కూడా విప్పారంటే నా దగ్గర దారప్పోగంత అయిపోతుంది. నీళ్లు లేక కాదు, అడిగేవాళ్లు ఎక్కువై. మావయ్యతో ఆ మాటంటే, "అదే! అడిగినప్పుడు ఎంత నిలబడతాదో అదీ లెక్క. ఊరికే ఉన్నప్పుడు అందరూ బాగానే ఉంటారు" అన్నాడు.

అయితే కొట్టతను నిజమే చెప్పాడు. మేమే వేరేగా విన్నాం. నాది సాస్. మా ఆయనది లోడు. నా మాటకి లైనంతా నవ్వారు. ఆయన మాటకి మాత్రం నెల్లాళ్లు జాకీలు మోశాను.

మా ఆయన ఒప్పుకోలేదు. "లోడంటే నాకు తెలవదేటి? పదేళ్లబట్టీ లోడు తోల్తన్నాను" అని విసుక్కున్నాడు. అచ్చయ్య మావయ్య వాదించలేదు. ఆదివారం ఒక పాత పనిముట్టు సంచిలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. రెండు ముళ్లున్న పెద్ద ఫోర్కులాంటిది, మధ్యలో మందపాటి ఇనప పట్టీ, పైన మీటరు.

"ఆ పట్టీయే లోడు. సెల్ఫు బదులు అది తాగుద్ది" అని బ్యాటరీ మూతలన్నీ విప్పాడు. మా బ్యాటరీలో ఆరు గదులు. ఒక్కో గది మీదా రెండు ముళ్లూ నొక్కి, నాచేత అయిదంకెలు లెక్కపెట్టించాడు. మొదటి గది, మీటరు ముల్లు నిలబడింది. రెండోది, మూడోది నిలబడ్డాయి. నాలుగో గది మీద నొక్కగానే మీటరు ముల్లు దబ్బున కింద పడింది. నేను రెండు కూడా లెక్కపెట్టలేదు. లోపల నీళ్లు బుడబుడమని ఉడికినట్టు పొంగాయి. అయిదోదీ ఆరోదీ మళ్లీ నిలబడ్డాయి.

"ఇదిగో. ఈ గది సచ్చిపోయింది. మిగతా అయిదూ బతికున్నా ఏం లాభం? దీన్ని దాటుకునే గదా ఎల్లాలి."

మా ఆయన వంగి ఆ గదిలోకి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి వెళ్లి స్టెప్నీ దొర్లించుకొచ్చి బండికి బిగించేశాడు.

ఆ సాయంత్రమే మావయ్యతో కలిసి ముగ్గురం టాటీబంధ్ కొట్టుకి వెళ్లాం. పిల్లాడు నా ఒళ్లో. కొట్లో రెండు బ్యాటరీలు మా బండికి పనికొచ్చేవి ఉన్నాయి. ఒకటి ఇంతెత్తున, ఇద్దరు పట్టుకుంటే గాని లేవనిది. పెళ్లిళ్లకి మైకులు, లైట్లు పెట్టేవాళ్ల దగ్గర్నించి వచ్చిందట, తెల్లార్లూ వెలిగించేదట. రెండోది అందులో సగం కంటే కాస్త పెద్దది. మా ఆయన కళ్లు పెద్దదాని మీదే.

"ఇది సూడు! ఏనుగులాగుంది. ఇదుంటే ఇంక భయవేటే నీకు?"

"అది నిదానంగా ఇచ్చేదిరా" అన్నాడు మావయ్య. "దాని లోపల పలకలు లావు, తక్కువ. తెల్లార్లూ కొంచెం కొంచెం ఇమ్మంటే ఇస్తాది. ఒక్కసారి ఇమ్మంటే సణుగుద్ది. ఇదేమో పల్చటి పలకలు, ఎక్కువ. సెల్ఫు కోసవే సేసినది."

"సిన్నదానికి దమ్మెక్కడిది సిన్నాన్నా?"

ఇద్దరూ అలా అంటుంటే నాకు ఆ టక్ చప్పుడు వినబడుతూనే ఉంది. ఎవరి మాట నమ్మినా పొద్దున్న డొక్కలెగరేసేది నా పిల్లాడు. కొట్టతని ముందు నోరిప్పడం నాకు అలవాటు లేదు. నా హిందీ సంగతి ఇప్పటికే ఆసుపత్రంతా తెలుసు. అయినా అన్నాను.

"భయ్యా, లోడ్ పే దిఖావో."

లోడు మీద చూపించు. కొట్టతను నన్ను చూసి, మా ఆయన్ని చూసి నవ్వాడు. "యహీ బాత్ తో ఉస్ దిన్ మైనే బోలీ థీ, భాభీ." ఆ రోజు నేను చెప్పిందీ ఇదే మాట అని. మా ఆయన రోడ్డు మీద పోయే లారీ నంబరు చదవసాగాడు.

పెద్దది తగిలించారు. లైట్లు వేసి సెల్ఫు కొట్టమన్నాడు మావయ్య. నన్ను ముందుకెళ్లి గోడ మీద వెలుగు చూడమన్నాడు. సెల్ఫు నిదానంగా తిరిగింది. గోడ మీద వెలుగు ఎర్రబడి, ఆరిపోయే బొగ్గులా అయింది. ఇంజను మాత్రం లేచింది.

"లేసింది గదా!" అన్నాడు మా ఆయన.

"ఉర్లా నించి వచ్చాం మావా, ఇంజను వేడిగా ఉంది. పొద్దున్న మంచులో లేస్తుందా?"

రెండోది తగిలించారు. సెల్ఫు గర్రుమంది. గోడ మీద వెలుగు ఒక్కసారి కన్ను కొట్టినట్టు తగ్గి, మళ్లీ నిలబడింది. ఇంకోసారి కొట్టమన్నాను. ఇంకోసారి. అయిదోసారికి కొట్టతను, "భాభీ, ఇక్కడే వాడేస్తావా ఏమిటి?" అని హిందీలో అరిచాడు. అప్పుడు చాలన్నాను.

ఆ చిన్నదే తెచ్చుకున్నాం. దారంతా మా ఆయన, "ఏనుగుని వదిలేసి మేకపిల్లని తెచ్చుకున్నాం" అంటూనే ఉన్నాడు. ఆ సాయంత్రం నేను బండిలోంచి ఏమీ దించలేదు. రెండుసార్లు లేచి వెళ్లాను గాని, ఇటుక ముక్క తెచ్చి చక్రం కింద పెట్టి వచ్చేశాను. ఆయన మళ్లీ సాయంత్రమే చువ్వలు ఎక్కించి తేవడం మొదలెట్టాడు. నాకది చూస్తే దించేయాలనిపించేది. తెలిసినా అనిపించేది.

మాఘమాసం చివర్లో ఒక పొద్దున, చలి పోయిందిలే అనుకుంటుండగా, కూత మళ్లీ వచ్చింది. బండి నిండా ఇనుము. దించే వ్యవధి లేదు. నేను పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డాను. ఆయన లైట్లు వేశాడు. నేను గోడ వైపే చూస్తున్నాను. సెల్ఫు కొట్టాడు. వెలుగు కన్నుకొట్టింది. ఇంజను లేచింది.

బంగారమ్మ వదిన అప్పటికే చెంగు దోపుకుని గుమ్మం దిగింది. "తొయ్యక్కర్లేదేటే?"

"అక్కర్లేదొదినా!"

"అయితే నాకెందుకే నిద్ర సెడగొట్టారు" అంటూనే మా వెనకాల రోడ్డు దాకా నడిచి వచ్చింది.

దారిలో ఇంజను చప్పుడుకి పిల్లాడి కూత వినబడలేదు. డొక్క మీద చెయ్యి పెట్టుకునే కూర్చున్నాను. ఎగురుతోంది, కానీ పోయినసారంత లేదు. ఆసుపత్రి రాగానే అలవాటు ప్రకారం దూకి పరిగెత్తాను. నాలుగు మెట్లు ఎక్కానో లేదో, వెనకాల చప్పుడు ఆగిపోయింది. ఆగిపోయింది, మళ్లీ ఆగిపోయింది అనుకుని వెనక్కి తిరిగాను.

మా ఆయన తలుపు వేసి తాళం చెవి పట్టుకుని నా వెనకే వస్తున్నాడు.

"ఏమైంది మావా?"

"ఏటవుద్ది? నానే ఆపాను. పద, పద."

డాక్టరు అదే డాక్టరు. అదే ప్రశ్న. "సాఁస్ కబ్ సే ఫూల్ రహీ హై?" మా ఆయన నోరు తెరిచేలోగా నేనే చెప్పేశాను, పాంచ్ బజే సే, అయిదింటి నించీ అని. గొట్టంతో విని, వేళకే తెచ్చారన్నాడు. పిల్లాడికి సూదిమందు వేస్తుంటే మా ఆయన వాడి కాళ్లు పట్టుకున్నాడు, నేను చేతులు. ఏడుస్తూ ఏడుస్తూ వాడు తండ్రి వేలికున్న తాళం చెవి లాక్కున్నాడు.

కూత సన్నబడి, వాడు నా భుజం మీద కునుకు పట్టేదాకా బల్ల మీదే కూర్చున్నాం ఇద్దరం. బయట బండి చల్లబడుతూ ఉంటుంది. లేస్తుందో లేదో అని నాకు లోపల పీకుతూనే ఉంది. తిల్దా లోడుకి వేళ మించిపోతోందని ఆయన వాడి గుప్పిట విప్పబోయాడు. వాడు నిద్దట్లోనే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండనీ మావా, కాసేపు" అన్నాను. ఆయన మళ్లీ కూర్చున్నాడు.